ఛ వత్తు

డిసెంబరు 8, 2024

సోర్సు దిగింది. ఫోను హాట్‌స్పాట్ మీద. పాత చరిత్రంతా లాగితే డేటా చాలదని పైపొర ఒక్కటే తెచ్చుకున్నా.

సెరెనిటీ ఓఎస్. ఇది లైనక్సు కాదు, లైనక్సు మీద కట్టిందీ కాదు. కెర్నలు, విండోలు, ఫాంట్లు, పేకాట, గడియారం అన్నీ మొదట్నుంచీ సీ ప్లస్ ప్లస్‌లో రాసుకున్నారు. ఫోల్డర్లు చూస్తూ కూర్చున్నా. కెర్నల్, యూజర్‌ల్యాండ్, బేస్, టూల్‌చెయిన్, మెటా. ఏ ఫైలు తెరిచినా చదవొచ్చు. అర్థం కావడం తర్వాతి సంగతి.

పగలంతా గోపాల్‌పూర్ బీచి రోడ్డు హోటళ్లలో బిల్లింగు కంప్యూటర్లు. ఆపి మళ్లీ వెయ్యి, బాగయింది, డబ్బు తీసుకో. ఎందుకు చెడిందీ, ఎందుకు బాగయిందీ? ఎవరూ అడగరు.

డిసెంబరు 11

నా ఉబుంటు 22.04లో ఉన్న కంపైలరు జీసీసీ 11. సెరెనిటీకి 13 కావాలి. సరే, దింపా. ఆ 13తో సెరెనిటీ కోసం ఇంకో జీసీసీ కట్టాలి. ఆ జీసీసీతో సెరెనిటీని కట్టాలి.

ఎనిమిది జీబీ ర్యాము. నాలుగు పనులు ఒకేసారి వదిలితే ర్యాము చాలక లైనక్సే నా కంపైలర్ని చంపేసింది. "కిల్డ్" అని ఒక్క ముక్క, అంతే. రెండుకి తగ్గించా. రాత్రంతా ఫ్యాను హోరు. అమ్మ లేచి వచ్చింది.

"పిండిమిల్లేటి పెట్టినావురా?"

డిసెంబరు 14

కరెంటు పోయింది. సరిగ్గా కడుతుండగా. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయినదే, కాబట్టి అదీ పోయింది.

ఫైలిన్ తుఫాను చూసినవాళ్లం, రెండు గంటల చీకటి ఓ లెక్కా. కానీ కరెంటొచ్చాక ఈ కట్టే పని నడిపే నింజా ఆగిన చోట నుంచే మొదలెట్టి, చివర్లో లింకు దగ్గర మొండికేసింది. ఓ ఫైలుని ఇది ఆబ్జెక్టు ఫైలే కాదంది. చూస్తే సున్నా బైట్లు. పేరు డిస్కు మీద పడింది, లోపలి సరుకు పడకముందే కరెంటు పోయింది. పేరుంది, తారీకుంది, నింజాకి అది చాలు. సున్నా సైజువన్నీ ఏరి చెరిపి మళ్లీ వదిలా.

ఇలా పేరూ తారీకూ మాత్రమే ఉన్నవి ఇంట్లో ఇంకెన్ని ఉన్నాయో.

డిసెంబరు 19

లేచింది!

ల్యాప్‌టాపులోనే ఉత్తుత్తి మిషను నడిపే క్యూఎమ్యూ కిటికీలో. ముందు నల్ల తెర మీద గబగబా లైన్లు, ఆ తర్వాత డెస్క్‌టాపు. తొంభైల నాటి ముఖం. బూడిద రంగు బటన్లు, అంచులున్న కిటికీలు. నేను కంప్యూటరు మొదట చూసిన రోజుల్లో ఇలాగే ఉండేది. టెర్మినల్ తెరిస్తే ప్రాంప్టు: వాడుకరి పేరు అనాన్, మిషను పేరు కరేజ్.

స్వీడన్‌లో ఆండ్రియాస్ క్లింగ్ అనే ఆయన 2018 అక్టోబరులో మొదలెట్టాడు. అంతకుముందు నోకియాలో, యాపిల్‌లో వెబ్‌కిట్ మీద పని. వ్యసనం మాన్పించే చోటు నుంచి బయటికొచ్చాక రోజులు గడవక ఇది పట్టుకున్నాడట. అక్కడ చెప్పుకునే ప్రార్థన పేరే దీనికి పెట్టాడు. మిషనుకి కరేజ్ అన్నదీ ఆ ప్రార్థనలోదే.

రోజులు గడవక. మరి నాకేం వచ్చింది? నా రోజులు బాగానే గడుస్తున్నాయి కదా.

డిసెంబరు 27

జనం. బీచి మీద అడుగు పెట్టే చోటు లేదు. హోటళ్ల నుంచి ఫోను మీద ఫోను. ప్రింటరు, వైఫై, సీసీ కెమెరా. రాత్రి ఓపిక లేక సెరెనిటీలో పేకాట ఆడి పడుకున్నా. ఆ ముక్కలు కూడా నేనే కంపైలు చేశానన్న మాట తల్చుకుంటే చిన్న గర్వం.

అప్ప కొడుకు వచ్చాడు. బరంపురం ఐటీఐలో కంప్యూటరు ట్రేడు.

"మావా, ఇదేటి విండోస్ తొంభై ఐదా?"

కాదన్నా. ఇంకేం చెప్పాలో తెలీక ఊరుకున్నా.

జనవరి 2, 2025

బేస్ ఫోల్డర్లో ఏం పెడితే అది కట్టిన డిస్కులోకి వెళ్తుంది. అనాన్ ఇంట్లో ఒక తెలుగు ఫైలు పెట్టా. రెండు వాక్యాలే, ఇంటి సరుకుల చీటీ లాంటిది. లోపల తెరిచా.

ఒక్క అక్షరం లేదు. గుర్తు తెలీనప్పుడు పెట్టే బొమ్మే వరసగా, ఎన్ని అక్షరాలో అన్ని.

సహజమే. ఎవరూ పెట్టలేదు కాబట్టి లేదు. విండోసులో తెలుగు లేకపోతే తిట్టుకునేవాణ్ని. ఇక్కడ ఎవర్ని తిట్టాలి? సోర్సు నా దగ్గరే ఉందాయె.

జనవరి 5

ఫాంట్ ఎడిటరు అందులోనే ఉంది. గళ్లు. గడి నొక్కితే నల్లన, మళ్లీ నొక్కితే తెల్లన. వీళ్ల మామూలు ఫాంటు కాటికా. దానికి నకలు తీసి తెలుగు గదులు తెరిచా. 256 గదుల కట్టలో సగం మనవి, సగం కన్నడిగులవి.

క గీయడానికి సాయంత్రం పట్టింది. ఇంగ్లీషు అక్షరం నాలుగు గీతలతో అయిపోతుంది. మనది గుండ్రం, ఇన్ని తక్కువ గళ్లలో గుండ్రం ఎక్కణ్నుంచి తేను? కింద కడుపు గుండ్రంగా పెడితే పైన తలకట్టుకి చోటుండదు. తలకట్టు పెడితే కడుపు నలిగి పలక అవుతుంది. ఒక గడి తీసి చూడు, ఒక గడి పెట్టి చూడు. దూరం నుంచి చూస్తే క. దగ్గర్నుంచి చూస్తే ఏదో పురుగు.

ఘ, ఝ తల్చుకుంటేనే భయం.

జనవరి 13

భోగి. అక్షరాలన్నీ అయ్యాయి, ఋ తప్ప. ఎవరికి కావాలిలే.

జనవరి 17

కీబోర్డు. కీమ్యాప్ అంటే ఓ జేసన్ ఫైలు, ఏ మీటకి ఏ అక్షరమో పట్టీ. షిఫ్టు నొక్కితే ఏదో ఇంకో పట్టీ. ఇన్‌స్క్రిప్టు మీటల అమరికే రాశా.

రాస్తుంటే కనపడింది. యూనికోడ్‌లో ఒడియా క 2837. తెలుగు క 3093. తేడా 256. గ చూశా, 256. మ, 256. పొల్లు, 256. దాదాపు మొత్తం పట్టీ అంతే. ఒడియా అక్షరానికి 256 కలిపితే తెలుగు. పాత ఇస్కీ లెక్క ప్రకారం భారతీయ లిపులని ఒకే వరసలో కూర్చోబెట్టారు కాబట్టి ఇలా. తెలిసిన సంగతే. అయినా ఇక్కడ, ఈ గంజాంలో కూర్చుని ఆ తీసివేత చేస్తే వేరేగా ఉంది.

మీటలూ అంతే. కె నొక్కితే వాళ్లకీ క, మనకీ క.

జనవరి 19, ఆదివారం

రాసి పెట్టుకోవాలి ఇది.

అప్ప కొడుక్కి తెలుగు చదవడం రాదు. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, తిట్టేదీ తెలుగులోనే. బడి మాత్రం మొదట్నుంచీ ఒడియా. బరంపురంలో మనవాళ్ల పిల్లలు సగానికి సగం ఇంతే. కానీ ఒడియా టైపు నేర్చాడు, ఇన్‌స్క్రిప్టు. మీటల వంక చూడడు.

"కూర్చో. ఒడియాలో కొట్టినట్టే కొట్టు."

"ఏటి కొట్టాలి?"

"నీకేం కావాలంటే అది."

కాసేపు ఆలోచించాడు. షిఫ్టు డి. తర్వాత సి డి సి సి డి సి. వేళ్లు టకటకా.

తెర మీద అ. తర్వాత మ, పొల్లు, మ, మ, పొల్లు, మ. విడివిడిగా, దేని దారి దానిది.

"వచ్చిందా?" అన్నాడు. వాడు కొట్టింది వాడికి తెలీదు. అంటే తెలుసు, చదవలేడు. "అమ్మమ్మ" అని నేను చదివా. వంగి చూశాడు. "ఇందులో మ ఏది?" వేలు పెట్టి చూపించా. మళ్లీ మళ్లీ వచ్చింది కాబట్టి పట్టేశాడు.

తర్వాత "తెలుగు" కొట్టమన్నా. కొట్టాడు. తేలుగు అని పడింది. ఇంకోసారి, మళ్లీ తేలుగే. అప్పుడు వెలిగింది. ఒడియాలో పొట్టి ఎ లేదు, పొట్టి ఒ లేదు. 2886వ గది ఖాళీ. దానికి 256 కలిపితే మన ఎత్వం. వాడి వేళ్లకి ఆ మీటే తెలీదు. నోటితో తెలుగు అంటాడు, వేళ్లతో తేలుగు అంటాడు.

అమ్మ వచ్చి కళ్లజోడు సర్దుకుని చూసింది. "దీర్ఘం తియ్యి. తేలుగేట్రా, తేలు కుట్టినట్టు."

వాడు పగలబడి నవ్వాడు. జెడ్ మీట చూపించా.

జనవరి 24

బరంపురం వచ్చింది. తప్పు లేకుండా, ఏ కోడూ రాయకుండా!

బ, ర, సున్న, ప, కొమ్ము, ర, సున్న. కొమ్ము పక్కన కూర్చునేదే కాబట్టి పు బాగానే పడింది. వత్తుల్లేవు, పైన ఎక్కేవి లేవు. ఒక నంబరుకి ఒక బొమ్మ, పక్కపక్కన పేర్చుకుంటూ పో. అంతకు మించి తెలీని మిషన్లో కూడా బరంపురం చెక్కుచెదరదు. గంజాం కూడా పర్లేదు.

అమ్మని పిలిచా. చదివింది. "మా ఊరు రాయి."

ఇచ్ఛాపురం. ఇ, చ, పొల్లు, ఛ, దీర్ఘం... ఛ చంకలో దీర్ఘం వేలాడుతోంది.

"ఇదేటి? మా ఊరు ముక్కలైపోనాదేటి?"

అదెంతో దూరం లేదు. అమ్మ పుట్టిల్లు అటు, మెట్టినిల్లు ఇటు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మధ్యలో గీత పడింది. అటువాళ్లు తెలుగు బడికి, ఇటువాళ్లు మెల్లగా ఒడియా బడికి. అందుకే ఇంట్లో అమ్మ చదువుతుంది, మనవడు చదవలేడు. నేను నాన్న దగ్గర కూర్చుని నేర్చుకున్నా. అప్ప కూర్చోలేదు. ఎందుకు కూర్చోలేదో ఎప్పుడూ అడగలేదు.

ఫిబ్రవరి 4

తలకట్టు.

గుడి పెట్టాలంటే తలకట్టు పోవాలి. కి లో తలకట్టు ఉండదు. ఇన్నేళ్లు రాశాను, ఒక్కరోజూ గమనించలేదు. ఎవరు గమనిస్తారు? చెయ్యి చూసుకుంటుంది.

తలకట్టుకి యూనికోడ్‌లో నంబరు లేదు. అ హల్లులోనే ఉందని లెక్క. కాబట్టి హల్లులన్నీ తలకట్టు లేకుండా మళ్లీ గీశా. తలకట్టుని సొంత వాడకానికి వదిలేసిన గదుల్లో ఒకదాంట్లో దాచా. సెరెనిటీ బొమ్మలు గీసే లైబ్రరీ లిబ్‌జీఎఫ్ఎక్స్‌లో అక్షరాల చోటు లెక్కగట్టే ఫైలు ఉంది. అందులో నా ముక్క: హల్లు వస్తే తర్వాత ఏముందో చూడు. గుడో ఎత్వమో దీర్ఘమో పొల్లో అయితే తలకట్టు పెట్టకు, గుర్తుని దాని నెత్తిన పెట్టు, ముందుకి జరగకు. కొమ్మయితే తలకట్టు ఉంచు. ల, బ, జ, ట, ణ లకి అసలు పెట్టనే వద్దు.

తెలుగు వచ్చింది. పొట్టి ఎత్వంతో.

మొ, యొ సంగతి తర్వాత. వాటి దారే వేరు.

ఫిబ్రవరి 11

వత్తుల గురించి చదువుతున్నా. లోకంలో చాలామంది అక్షరాలు కలిపే ఈ పనికి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ వాడతారు. ఫోన్లలో, బ్రౌజర్లలో, లైనక్సులో. హైదరాబాదులో స్వేచ్ఛ వాళ్లు తెలుగు లైనక్సు చేసినప్పుడు అక్షరాలు కలిపే పొర కింద ముందే ఉంది. సెరెనిటీలో బయటి లైబ్రరీ పెట్టకూడదని నియమం. అన్నీ మనమే రాయాలి. అదే దీని అందం, అందుకే కదా నాకు నచ్చింది.

క్లింగే కిందటి జూన్‌లో సెరెనిటీ వదిలి లేడీబర్డ్ బ్రౌజర్ని వేరుగా పట్టుకెళ్లాడు. అక్కడ ఆ నియమం సడలించారు, హార్ఫ్‌బజ్ వచ్చింది. అంటే ఆ బ్రౌజరుకి క్ష వస్తుంది. ఇక్కడ మిగిలినవాళ్లం పంతం పట్టుకుని ఉన్నాం. పంతం బాగానే ఉంది. వత్తులు మాత్రం రావు.

ఇంకో అడ్డదారి ఉంది. ప్రతి సంయుక్తాక్షరానికీ ఒక బొమ్మ గీసి, దానికో దొంగ నంబరిచ్చి, ఫైల్లో ఆ నంబర్లే రాసెయ్యడం. పాత డీటీపీ ఫాంట్లు నడిచినట్టు. తెర మీద అందంగా ఉంటుంది, ఆ ఫాంటు లేని మిషన్లో చెత్త. పాత పెళ్లిపత్రికల ఫైళ్లు తెరవలేక ఎంతమంది నా దగ్గరికొచ్చారు. ఆ పని చెయ్యను. ఫైల్లో చ, పొల్లు, ఛ అనే ఉండాలి.

ఫిబ్రవరి 20

ఋషికుల్య దగ్గర తాబేళ్లు ఒడ్డెక్కాయి. చూడ్డానికొచ్చిన జనంతో మళ్లీ పని. కోడు ముట్టలేదు.

ఫిబ్రవరి 27

శివరాత్రి జాగారం చేసింది నా ల్యాప్‌టాపు. హెడరు ఫైల్లో ఒక్క లైను మార్చా. దాన్ని ఎవరెవరు వాడుతున్నారో వాళ్లందర్నీ మళ్లీ కట్టింది. పేకాట కూడా మళ్లీ కట్టింది. పేకాటకీ ఛ వత్తుకీ ఏం సంబంధం? ఉంది. అన్నీ అక్షరాలు రాసేవే.

పొద్దున్న అమ్మ కోవెల నుంచి వచ్చి "ఇంకా అవలేదా" అంది. ఏది అవలేదని అడిగిందో.

మార్చి 9

వత్తులు గీశా. చాలావాటికి తలకట్టు తీసి చిన్నది చేస్తే చాలు. త, న, మ, య, ల, ర మాత్రం వత్తు రూపం వేరు. కొత్తగా గీయాలి. అన్నిటికీ కింద చోటు కావాలి కాబట్టి ఫాంటు ఎత్తు పెంచా. ఇప్పుడు మెనూలన్నీ లావెక్కాయి.

కోడులో నియమం: పొల్లు తర్వాత హల్లుంటే పొల్లు గీయకు. ఆ హల్లు వత్తుని ముందు అక్షరం కింద, కాస్త కుడివైపు పెట్టు.

కట్టా. తెరిచా.

ఇచ్ఛాపురం.

ఛ వత్తు కింద రెండు గడులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. అయినా ఛ వత్తే. ఎవరు చూసినా ఛ వత్తే.

మార్చి 10

ఇచ్ఛాపురం వచ్చేసరికి గోపాల్‌పూర్ పోయింది.

పాత ఫైల్లో గోపాల్పూర్ అని పడింది. ల కింద ప వత్తు. నియమం తన పని తాను చేసింది మరి: పొల్లు తర్వాత హల్లు. నిన్నటిదాకా నియమం లేదు కాబట్టి మా ఊరు నిక్షేపంగా ఉంది. దీనికి మందు యూనికోడ్‌లోనే ఉంది, 8204. కనపడని అక్షరం. ల్ కీ పూ కీ మధ్య కూర్చుని కలవనివ్వదు, అంతే దాని పని. కీమ్యాప్‌లో దానికో మీట ఇచ్చా. కోడులో అది వస్తే ఏమీ గీయకు, పొల్లుని ఉండనీ అని రాశా.

ఆఫీసు కాగితాల మీద ఎప్పుడూ ఇంగ్లీషులోనో ఒడియాలోనో రాసే ఊరి పేరు. తెలుగులో రాస్తే మధ్యలో ఒక కనపడనివాడు ఉండాలన్నమాట.

మార్చి 16

అప్ప కొడుకు వచ్చాడు. నేను స్నానానికెళ్లి వచ్చేలోగా టెర్మినల్లో ఒక ఫోల్డరు చేశాడు. పేరు బరంపురం. ఎవరు చెప్పారు రాయమని? లోపల ఇంకోటి, అమ్మమ్మ. మ వత్తులు కింద ఉన్నాయి.

"ఇప్పుడు అతుక్కుంటందేటి మావా?"

"అతుక్కుంటోంది."

"ఈ కిందదీ మ యేనా? మ లాగ లేదు."

లేదు. నిజమే.

మార్చి 30, ఉగాది

అమ్మ పచ్చడి గిన్నె పట్టుకునే వచ్చి కూర్చుంది. ఇచ్ఛాపురం చదివింది. గోపాల్‌పూర్ చదివింది. తప్పులేమీ ఎంచలేదు, "మీ మిషనులో అచ్చరాలు బక్కచిక్కిపోనాయి" అంది, అంతే. ఆ తర్వాత "మా జిల్లా రాయి" అంది.

శ్రీకాకుళం రాలేదు. రవత్తు ఎడమ పక్క నుంచి చుట్టుకుని రావాలి. నా కోడు కుడివైపుకే నడుస్తుంది. క్ష కూడా రాలేదు. దానికి రెండక్షరాలూ కలిసి మూడో రూపం కావాలి. మొ, యొ అలాగే ఉన్నాయి. ఋ ఇంకా గీయలేదు.

ప్యాచ్ ఎవరికీ పంపలేదు. నా దగ్గరే వేరే బ్రాంచిలో ఉంది. బ్రాంచి పేరు ఇచ్ఛాపురం.